చదివి తెలుసుకోగలరు

ఆ ఊరి పేరు మనకెందుకులెండి. అక్కడో శాఖా గ్రంథాలయం ఉంది, దానికో గ్రంథపాలకుడున్నాడు, ఆయన పేరు తాళ్ళూరి భుజంగరావు, ఆయనకో జబ్బుంది. కథకి ఇంత చాలు.

ఆ జబ్బు పేరు త్రిలోచనం గారు. పసుమర్తి త్రిలోచనం గారంటే సస్పెన్స్ నవలలు రాసే ఆయన. నలభై దాకా రాశారు. ఒకప్పుడు బస్సుల్లో, బడ్డీకొట్లలో, ఆఖరికి క్షవరం చేయించుకుంటూ కూడా జనం ఆయన్ని చదివారు. ఇప్పుడు ఆ నవలలన్నీ గ్రంథాలయం వెనకగదిలో ఓ ఇనప బీరువాలో ఉన్నాయి. ఆ బీరువా తలుపు భుజంగరావు తప్ప మరొకరు తియ్యరు.

గ్రూపు పరీక్షల పుస్తకం కోసం వచ్చిన కుర్రాడికి త్రిలోచనం. పచ్చళ్ళ పుస్తకం అడిగిన ఇల్లాలికి త్రిలోచనం. ఫ్యాను కింద కునుకు తీద్దామని వచ్చిన పెద్దాయన్ని భుజం తట్టి లేపి మరీ త్రిలోచనం. "ఒక్కటి చదవండి. ఒక్కటంటే ఒక్కటి. నచ్చకపోతే నా పేరు మార్చేసుకుంటా" అని వెంటపడేవాడు.

"ఏముంటుందండీ అందులో?" అనేవాళ్ళు అవతలివాళ్ళు, న్యాయంగానే.

అక్కడొచ్చేది చిక్కు. సస్పెన్స్ నవల గురించి ఏం చెబుతాడు? చెబితే నవల పోతుంది, చెప్పకపోతే మనిషి పోతాడు. పాపం పెద్దమనిషి రెండు కళ్ళూ మూసుకుని, కుడిచెయ్యి గుండెలమీద వేసుకుని, "అబ్బ!" అనేవాడు. అంతే. నౌకరీలో చేరిన దగ్గర్నుంచీ తన అభిమాన రచయితకి ఆయన చేసిన ప్రచారం మొత్తం ఆ రెండక్షరాలే. జనం గుండెనొప్పేమోనని కంగారుపడి మంచినీళ్ళిచ్చారు గానీ, పుస్తకం మాత్రం పట్టుకెళ్ళలేదు.

ఆయన జబ్బుకో విరుగుడు కూడా ఆ ఊళ్ళోనే ఉంది. పేరు కోదండపాణి. భుజంగరావు అక్క మొగుడు, కరెంటాఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. రోజూ పొద్దున్నే గ్రంథాలయానికొచ్చి, పేపరు మొదటి పేజీ నుంచి టెండర్ల దాకా చదివి, పక్కవాడు ఇంకా చదవని వార్త వాడికి చెప్పేసి వెళ్ళిపోతాడు. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి లేచి, "చెల్లెలు చచ్చిపోలేదులెండి, ఆఖర్లో వస్తుంది" అని సోడాలమ్మేవాడికి కూడా చెప్పొచ్చే రకం.

ముప్పయ్యేళ్ళ కిందట, భుజంగరావు త్రిలోచనం గారి 'తడి సిమెంటు' చదువుతూ అక్కగారింటికి భోజనానికి వెళ్ళాడు. ఇంకో యాభై పేజీలున్నాయి. ఎడమచేత్తో పుస్తకం, కుడిచేత్తో గోంగూర. బావ ఎదురుగా కూర్చుని చారు జుర్రి, తాపీగా, "డాక్టరేరా చంపింది" అన్నాడు.

భుజంగరావు పుస్తకం గోడకేసి కొట్టాడు. విస్తరి ముందునుంచి లేచిపోయాడు. మూడు నెలలు బావతో మాట్లాడలేదు. కానీ విచిత్రం చూడండి, ఆ రోజునుంచీ త్రిలోచనం గారి నవలలన్నిట్లోకీ గొప్పది ఏదని ఎవరడిగినా, 'తడి సిమెంటు' అనే చెప్పేవాడు. పెద్ద దెబ్బ అక్కడే తగిలింది కదా మరి.

ఇలా రోజులు వెళ్ళిపోతుండగా పైనుంచి ఉత్తర్వు దిగింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, గ్రంథాలయములలో చలనము లేక పడియున్న గ్రంథములు స్థలాక్రమణకు పాల్పడుచున్నట్లు గమనించడమైనది. అట్టి గ్రంథములను కోడిగుడ్ల అట్టలు తయారుచేయు మిల్లునకు తరలించవలెను. అయితే, ప్రతి గ్రంథపాలకుడు ఒక రచయితను దత్తత తీసుకుని, ఏడాదిలోగా సదరు రచయితకు వెయ్యిమంది నూతన పాఠకులను సమకూర్చినచో, సదరు రచయితకు మినహాయింపు ఇవ్వబడును."

భుజంగరావు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. మొదటిసారి కోడిగుడ్ల అట్టల దగ్గర కుర్చీలో కూలబడ్డాడు. రెండోసారి దత్తత దగ్గర కళ్ళు చెమర్చాయి. ఇంటికి పరుగెత్తి, "హైమా! త్రిలోచనం గారిని దత్తత తీసుకున్నానే!" అన్నాడు.

"ఎనభై ఏళ్ళాయన్నా?" అంది భార్య హైమావతి, పోపు మాడిపోతుంటే గరిట తిప్పుతూ. "వంటెవరు చేస్తారు?"

మొదటి నూతన పాఠకురాలు బస్సు కండక్టరు రత్నకుమారి. ఆవిడ బస్సు గ్రంథాలయం ఎదురుగానే ఆగుతుంది. భుజంగరావు టిక్కెట్టు కొనకుండా బస్సెక్కి, చేతులు జోడించి, "అమ్మా, కోడిగుడ్ల అట్టలు" అంటూ ఏదేదో చెప్పి ఏడవబోయేసరికి, జాలిపడి 'పాలవాడు రాని రోజు' పట్టుకెళ్ళింది. వారం తిరక్కుండా వచ్చింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"ఏం మనిషండీ ఈయన! నిన్న రెండు స్టాపులు మర్చిపోయాను. ప్యాసింజర్లు తిట్టారు. ఇంకోటుందా?"

భుజంగరావుకి ఏనుగెక్కినంత సంబరమైంది. కానీ పాఠకురాలు చదివితే సరిపోదు, చదివినట్టు రుజువు కావాలి. ఆ రుజువు తీసుకోవడానికి ప్రతి శుక్రవారం ప్రాంతీయ పఠనాభివృద్ధి అధికారి ప్రభంజనరావు గారు జీపులో వేంచేస్తారు. ఆయనకి నవలలు పడవు. చదవకుండానే పడవు. ఆయన దృష్టిలో ప్రశ్నకి ఒక్క సమాధానం ఉండాలి, అది ఒక్క ముక్కలో ఉండాలి, దాని పక్కన టిక్కు పెట్టడానికి చోటుండాలి.

"సస్పెన్స్ నవల చదివితిరనుటకు నిదర్శనమేమి? హంతకుని పేరు తెలిసియుండుట," అన్నారాయన, తను కనిపెట్టిన సూత్రానికి తనే మురిసిపోతూ. "చెప్పుడు. స్పష్టముగా. అందరికీ వినబడునట్లు. సాక్షులుండవలెను."

రత్నకుమారి గొంతు కండక్టరు గొంతు. రైట్ రైట్ అని అరిచి అరిచి పదునెక్కిన గొంతు. ఆవిడ హంతకుడి పేరు చెబితే గ్రంథాలయంలో వాళ్ళకే కాదు, ఎదుటి టీకొట్టులో గ్లాసులు కడుగుతున్న మనిషికి కూడా వినపడింది. అప్పటికి అదే నవల సగంలో ఉన్న ఇద్దరు గుమ్మం దగ్గరే పుస్తకాలు బల్లమీద పడేసి, భుజంగరావు కేసి ఒక చూపు చూసి వెళ్ళిపోయారు. అది ముప్పయ్యేళ్ళ కిందట తను బావ కేసి చూసిన చూపే.

తల్లడిల్లిపోయి పైకి ఉత్తరం రాశాడు. అయ్యా, హంతకుడి పేరు రహస్యంగా అడగండి, చెవిలో చెప్పించుకోండి. జవాబు వెంటనే వచ్చింది. "చెవిలో చెప్పించుకొనుట పారదర్శకతకు విరుద్ధము. పైగా పాఠకులు చెప్పు సమాధానములు సరియో కాదో నిర్ధారించుటకు నమూనా సమాధానములు లేకపోవుట గమనించడమైనది. సదరు రచయితపై మీకు గల అపార పరిజ్ఞానము దృష్ట్యా నమూనా సమాధానములను మీరే సమర్పించవలెను. వాటిని ప్రజల సౌకర్యార్థము కూడలిలో ప్రదర్శించవలెను."

అపార పరిజ్ఞానం అన్నమాట దగ్గర మనిషి కరిగిపోయాడు. అదే ఆయన బలహీనత. ముప్పయ్యేళ్ళుగా ఒక్కరంటే ఒక్కరు ఆయన్ని ఆ మాట అన్లేదు మరి. ఏ ఒక్కరికీ ఒక్క ముక్క చెప్పకుండా కడుపులో దాచుకున్న హంతకులందరినీ బయటకి లాగి, నవల పేరు, ఎదురుగా హంతకుడు, వరసగా రాసి ఇచ్చాడు. ఒక్కో పేరు దగ్గరా త్రిలోచనం గారికి మనసులోనే క్షమాపణ చెప్పుకున్నాడు. రాయడం మాత్రం ఆపలేదు. కోడిగుడ్ల అట్టలు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకాస్త గుండ్రంగా రాశాడు.

నాలుగురోజుల్లో బస్టాండు కూడలిలో ఫ్లెక్సీ లేచింది. పైన అధికారుల ఫోటోలు, కింద దండం పెడుతూ భుజంగరావు ఫోటో, మధ్యలో పెద్దక్షరాలతో, 'శ్రీ త్రిలోచనం గారి నవలలందలి హంతకులు'. మొట్టమొదటి వరస, 'తడి సిమెంటు – డాక్టరు'.

అదే వారం ఇంకో మెలిక పడింది. సంక్షేమ రుణానికి దరఖాస్తు పెట్టేవాళ్ళు పఠన ధ్రువపత్రం జతచేస్తే ముందు వరసలో కూర్చోబెడతామన్నారు. ఇక చూడండి. బస్సు దిగడం, ఫ్లెక్సీ చూడడం, రోడ్డు దాటడం, వరసలో నిలబడడం. ఊరి జనం సాహిత్యం చదవడానికి పట్టే సమయం రోడ్డు దాటడానికి పట్టే సమయానికి దిగిపోయింది.

"ఏ గ్రంథము?"

"తడి సిమెంటండి."

"హంతకుడు?"

"డాక్టరండి."

టిక్కు.

అందరికీ 'తడి సిమెంటే'. ఎందుకంటారా? మిగతావాటిలో హంతకులు నోరు తిరగనివాళ్ళు. ఒకదాంట్లో జమీందారు గారి రెండో భార్య తమ్ముడి స్నేహితుడు. అది వరసలో నిలబడి కంఠతా పట్టే ఓపిక ఎవరికుంటుంది? ఒకావిడైతే నలుగురి ఆధార్ కార్డులు బల్లమీద పెట్టి, "నాకూ డాక్టరేనండి, మా ఆయనకీ డాక్టరే, మా అత్తగారికి కళ్ళు కనపడవు, ఆవిడక్కూడా డాక్టరే రాసుకోండి" అంది. రాసుకున్నారు.

కోదండపాణి పేపరు బల్ల దగ్గర కాలుమీద కాలేసుకుని వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పేవాడు. "వీళ్ళంతా ఇవాళ చెబుతున్నారు. నేను ముప్పయ్యేళ్ళ కిందటే చెప్పాను. అడగండి మా భుజంగాన్ని."

భుజంగరావు పళ్ళు నూరుకునేవాడు. వెయ్యి దాటింది. పదిహేను వందలు దాటింది. వెనకగదిలో బీరువా మాత్రం మూసింది మూసినట్టే ఉంది. 'తడి సిమెంటు' ప్రతి ఒక్కటే ఉంది, దాన్ని బయటకి తియ్యమని ఆ పదిహేను వందల మందిలో ఒక్కరూ అడగలేదు. ఎప్పుడైనా రత్నకుమారి వచ్చి, "పోనీ ఆ ఫ్లెక్సీలో లేనిది ఏదన్నా ఉంటే ఇవ్వండి" అనేది. అన్నీ ఉన్నాయి. ఆవిడ ఉత్తిచేతులతో బస్సెక్కేది. ఆ పూట ఆయనకి అన్నం సహించేది కాదు.

పథకం దిగ్విజయం అయింది కాబట్టి సన్మానం పెట్టారు. గ్రంథాలయం ముందు షామియానా వేసి, వేదిక వెనక తెరగా బస్టాండు ఫ్లెక్సీనే తెచ్చి కట్టారు. త్రిలోచనం గారిని కారులో తీసుకొచ్చారు. బక్కగా, తెల్లగా, చేతికర్రతో, చెవికి మిషనుతో వచ్చారాయన. భుజంగరావు కాళ్ళమీద పడిపోయి లేవలేదు. ఇద్దరు పట్టుకు లేపారు.

ప్రభంజనరావు గారు ఉపన్యసించారు. "వీరి రచనలను ఇంతమంది చదివియుండుట అంకెల రీత్యా అపూర్వము" అన్నారు. చప్పట్లు. శాలువా. త్రిలోచనం గారు శాలువా సర్దుకుంటూ వెనక్కి తిరిగి, తెర కేసి చూశారు. చూస్తూ ఉండిపోయారు. తన జీవితం మొత్తం అక్కడ వరసగా ఉరితీసి ఉంది. భుజంగరావుకి భూమి చీలి లోపలికి పోతే బాగుండుననిపించింది.

ఆయన ఏడవలేదు, కోప్పడలేదు. మొదటి వరస మీద చేతికర్ర ఆనించి, "డాక్టరా?" అన్నారు. "డాక్టరని ఎవరు చెప్పారు?"

మైకు దగ్గర్లో ఉంది. అందరికీ వినపడింది.

"డాక్టరు కాదే" అన్నారు.

ప్రభంజనరావు గారు ముందుకొచ్చి, మర్యాదగానే, "తమరు రచించి చాలా కాలమైనది. విస్మరించియుండవచ్చును" అన్నారు.

"రాసింది నేనేనండీ బాబూ."

"కావచ్చును. కాని డాక్టరేనని పదిహేను వందలమంది పాఠకులు సాక్షుల సమక్షమున ధ్రువీకరించియున్నారు. కాదనుచున్నది తమరొక్కరు. తదుపరి ముద్రణలో తమరే నవలను రికార్డులకు అనుగుణముగా సవరించుకొనిన, ఏ ఇబ్బందీ ఉండదు."

త్రిలోచనం గారు భుజంగరావు వైపు తిరిగారు. "నాయనా, మీరు చదివారా?"

అబద్ధం ఆడదామని నోరు తెరిచాడు. రాలేదు. "చదివానండి. యాభై పేజీలుండగా... మా బావ చెప్పేశాడండి. కోపమొచ్చి మూసేశాను. ఇక తెరవలేదు."

"మరి మీ బావగారు?"

కోదండపాణి మూడో వరసలో లేచి నిలబడ్డాడు. మొహం మాడిపోయి ఉంది. "రైల్లో పక్కాయన దగ్గర తీసుకుని చదివానండి. డాక్టరుకి బేడీలు వేశారు. ఇంతలో మా స్టేషనొచ్చింది. దిగిపోయాను."

త్రిలోచనం గారు ముందు కిసుక్కుమన్నారు. తర్వాత శాలువా జారిపోయేదాకా నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "హమ్మయ్య," అన్నారు. "అయితే ఒకటి మిగిలింది."

"సరియైన హంతకుని పేరు ఇప్పుడే సెలవిచ్చినచో ఫ్లెక్సీ సవరించెదము" అన్నారు ప్రభంజనరావు గారు కలం తీసి.

"చెప్పనండి" అని చేతికర్ర పట్టుకుని, నెమ్మదిగా మెట్లు దిగి కారెక్కి వెళ్ళిపోయారు పెద్దాయన.

ఆ సాయంత్రమే మెమో. ధ్రువపత్రాలన్నీ రద్దు. శుక్రవారంలోగా భుజంగరావు సరైన సమాధానం సమర్పించాలి, పాఠకులందరినీ మళ్ళీ పరీక్షించాలి. లేదా మిల్లు లారీ సిద్ధంగా ఉంది.

ఆదివారం మధ్యాహ్నం భుజంగరావు ఉన్న ఆ ఒక్క ప్రతిని ఇంటికి తెచ్చుకుని, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాడు. డాక్టరుకి బేడీలు పడ్డాయి. పేజీ తిప్పాడు. హైమావతి మూడుసార్లు టీ పెట్టింది, మూడుసార్లూ చల్లారిపోయింది. ఆఖరి పేజీ దగ్గర లోపల్నుంచి "అబ్బ!" అని కేక వినపడితే గరిటతో సహా పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందండీ? నొప్పా?"

"లేదే. ఇన్నాళ్ళూ నేనన్నవన్నీ దొంగ అబ్బలే. ఇదీ అసలుది."

మెమోతో వచ్చిన ఫారం ముందేసుకుని రాయడానికి కూర్చున్నాడు. పేరు రాయడమెంతసేపు? మొదటి అక్షరం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. రాస్తే బీరువా ఉంటుంది, పుస్తకాలుంటాయి, ఈ "అబ్బ" మాత్రం ఇంకెవరికీ ఉండదు. రాయకపోతే పుస్తకాలే ఉండవు. లేచి తిరిగాడు. కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా తను చదివిన ఉత్తర్వులన్నీ గుర్తుచేసుకున్నాడు. వాటిలోంచే ఓ ముక్క ఏరి, గడిలో నీటుగా రాశాడు.

'తడి సిమెంటు – చదివి తెలుసుకోగలరు.'

ప్రభంజనరావు గారు గడి నిండిందా లేదా అని చూశారు. నిండింది. భాష బాగుంది. సంతకం పెట్టారు. ఫ్లెక్సీ సవరించబడింది.

శుక్రవారం వరస రోడ్డుదాకా ఉంది.

"హంతకుడు?"

"చదివి తెలుసుకోగలరండి."

టిక్కు.

"హంతకుడు?"

"చదివి తెలుసుకోగలరండి. మా అత్తగారికి కూడానండి."

టిక్కు.

ఆ వరసలో కోదండపాణి కూడా నిలబడ్డాడు. అంతకుముందు సోమవారం పొద్దున్నే బామ్మర్ది ఇంటికొచ్చి, "ఒరే భుజంగం, ఎవర్రా? చెప్పరా. డాక్టరు కాకపోతే ఇంకెవడురా? నిద్ర పట్టడం లేదురా" అని కాళ్ళావేళ్ళా పడ్డాడు. ముప్పయ్యేళ్ళ కక్ష భుజంగరావు నాలుక చివరిదాకా వచ్చింది. ఒక్క పేరు చాలు, బాకీ తీరిపోతుంది. మింగేశాడు. పుస్తకం చేతిలో పెట్టి, "చదువుకో బావా" అన్నాడు. అప్పటినుంచీ కోదండపాణి మూడు రోజులు పేపరు ముట్టుకోలేదు.

"హంతకుడు?" అన్నారు ప్రభంజనరావు గారు.

కోదండపాణి నోరు తెరిచాడు. వరస వరసంతా తలలు ముందుకు పెట్టింది. భుజంగరావు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. ఆ నోటి సంగతి ఆయనకి తెలియనిదా?

"చెప్పనండి" అన్నాడు కోదండపాణి.

"నమూనా సమాధానమునకు భిన్నముగా ఉన్నది. చదవలేదు," అని రాసి, అడ్డంగా గీత కొట్టారు ప్రభంజనరావు గారు. ఆ రోజు వచ్చినవాళ్ళలో తప్పింది ఆయనొక్కడే. కోదండపాణి గొడవ పెట్టలేదు. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని పక్కకి జరిగాడు.

రత్నకుమారి అంతా చూస్తూనే ఉంది. బస్సు హారను కొడుతున్నా పట్టించుకోకుండా వచ్చి, "ఏవండీ, ఈయన చెప్పకుండా ఊరుకున్నాడంటే అందులో ఏదో ఉంది. ఆ పుస్తకం నాకివ్వండి" అంది. ఆవిడ వెనక, అత్తగారికి కూడా టిక్కు పెట్టించుకున్నావిడ, "తర్వాత నాకు, మా అత్తగారికి చదివి వినిపిస్తాను" అంది. టిక్కుల వరస పక్కనే, పుస్తకం కోసం ఇంకో వరస మొదలైంది.

మధ్యాహ్నానికి పని ముగిసింది, మిల్లు లారీ అవసరం తప్పింది. ప్రభంజనరావు గారు జీపుదాకా వెళ్ళి, ఆగి, వెనక్కొచ్చారు. అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించారు. ఆయన నోట మామూలు తెలుగు వినడం భుజంగరావుకి అదే మొదలు.

"ఏమయ్యా, ఆఫీసు మాట కాదు, ఊరికే అడుగుతున్నా. ఎవరు?"

"పుస్తకం కండక్టరమ్మ పట్టుకెళ్ళింది సార్. ఆవిడ తర్వాత ఇంకా ఆరుగురున్నారు. మీ పేరు రాసుకోమంటారా?"

"అంత బాగుంటుందా? ఏముంటుంది అందులో?"

భుజంగరావు నోరు విప్పేలోగా, పేపరు బల్ల దగ్గర కూర్చున్న కోదండపాణి రెండు కళ్ళూ మూసుకుని, కుడిచెయ్యి గుండెలమీద వేసుకుని, "అబ్బ!" అన్నాడు.

ప్రభంజనరావు గారు కంగారుపడి మంచినీళ్ళ గ్లాసు అందించారు. ఆ తర్వాత తన పేరు ఏడోదిగా రాయించుకున్నారు.